నాలుగో సీలు

“నాలుగో బడీ పోయింది! ఈ ఊరొచ్చాక నేను పాపకి సీటడిగిన ప్రతి బడిలోనూ మర్నాడే వంటగదికి సీలు. ఎల్లుండే బడులు తెరుస్తారు, దాన్నెక్కడ చేర్చను?” భార్యతో కలిసి వచ్చిన భర్త హెడ్‌మిస్ట్రెస్ బల్ల గుద్దాడు.

“వంటగది తెరిచేదాకా అడ్మిషన్లు లేవండీ,” అంది హెడ్‌మిస్ట్రెస్. “ఎవరో ఇన్‌స్పెక్టరమ్మ. మాస్కులో మొహమే కనబడలేదు.”

“ఆ మహాతల్లికి పిల్లల్లేరేమో!”

“ఎందుకు లేరు? పిండి డబ్బాలో ఎలుకుంటే మన పాప తినాలా?” అంది భార్య.

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు సవరించుకుంది. “ఎలుక సంగతి మేమెవరికీ చెప్పలేదే! మీకెలా తెలిసిందమ్మా?”

భార్య ఫ్యాను వంక చూసింది. భర్త మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

“ఇంట్లో ఆఫీసు కబుర్లొద్దన్నది నేనేనండీ,” అన్నాడు. “ఆ ఇన్‌స్పెక్టరు నా పెళ్లామే.”