పద్దెనిమిదో మాల

వెదురు బొంగులు రెండు తేవాలి. కొత్త కుండ, తెల్లబట్ట, పిడకలు, పేలాలు తేవాలి. డప్పులోళ్లకు కబురు పెట్టాలి. మాజీ సైనికుల సంఘం వాళ్లు నల్గొండ నుంచి జెండా తెస్తున్నారు, వాళ్లకు ఇంటి దారి చెప్పాలి. పదకొండు గంటలకల్లా ఈ పనులన్నీ అయ్యాయి. ఒక్కటే మిగిలింది. పాడె ఎత్తడానికి నలుగురు కావాలి.

ఊళ్లో ఎవరు పోయినా ఆ పని చేసే సోదర సేవా సంఘం మనుషులు పన్నెండు మందీ రోడ్డుకు అవతల, జిరాక్సు షాపు ముందు నల్లబట్టల్లో నిలబడ్డారు. అందరి మెడలోనూ అయ్యప్ప మాల. ఆ మాలలు వేసిన గురుస్వామి ఇవతల వాకిట్లో చాప మీద శవమై ఉన్నాడు. రామన్నపేటలో ఆయనను ఫౌజీ దశరథం అంటారు. దీక్షలో ఉన్నవాళ్లు చావింటి గడప తొక్కకూడదు, శవాన్ని ముట్టకూడదు. ముడితే మాల తీసేయాలి. ఆ ఏడు శబరిమల లేనట్టే.

"వైకుంఠరథానికి ఫోన్ జేసిన. అర్ధగంటల వస్తది. మనం ముట్టే పనే లేదు స్వామీ," అన్నాడు సంఘం పెద్ద కృష్ణకాంత్.

"బండిల ఏసి పంపుతవా స్వామీ?" వెల్డింగ్ షాపు ఐలేశం గొంతు లేచింది. "దిక్కులేని పీనుగులను గూడ భుజం మీద మోసిన మనిషిని, సామాను లెక్క బండికెక్కిస్తమా?"

"మోసిండు. నేను కాదన్ననా? గని నీది పద్దెనిమిదో ఏడు. జర అది యాది పెట్టుకో."

ఐలేశం మరిచిపోలేదు. పద్దెనిమిదోసారి పోయే స్వామి కొబ్బరి మొక్క తీసుకుపోయి కొండ మీద నాటాలి. ఆ మొక్క నెల రోజులుగా ఆయన షాపు ముందు నల్ల కవరులో పెరుగుతోంది. ఇంకా తొమ్మిది రోజుల్లో ప్రయాణం. మోకాలి చిప్ప అరిగిందని, ఈ ఒక్కసారికి ఎక్కి ఇక కొండలు బంద్ పెట్టమని దవాఖానలో డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. వచ్చే ఏడు అనే మాటే లేదు.

"గురుస్వామికేంది," అన్నాడు కృష్ణకాంత్ మెత్తగా. "ఆయనయి పద్దెనిమిది ఎన్నడో నిండినయి. ఆయన చెట్టు ఈపాటికి కాయలు కాస్తాంటది. నీయి నిండొద్దా స్వామీ?"

"ఫౌజీ శిష్యులమని చెప్పుకుంటిమి గద. పక్కోడు పడిపోతే మైల అని రోడ్డుకు అవతల నిలబడుడు ఆయన నేర్పిండా?"

"దేవునికి కోపమొస్తది స్వామీ."

"రానియ్యి. నేను ఎక్కడికి పోత? ఈ ఊర్లెనే ఉంట."

ఐలేశం రోడ్డు దాటాడు. వాకిట్లో ఏడుస్తున్న ఆడవాళ్లు నల్లబట్టలు చూసి పక్కకు జరిగారు. దశరథం తలాపున భార్య నర్సింగమ్మ కూర్చుని ఉంది. ఐలేశం ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని మెడ వంచాడు.

"మాతా, నా మాల తియ్యి."

రోడ్డు అవతల నుంచి కృష్ణకాంత్ అరిచాడు. "మైల చేతులతోని తీపిస్తవా? మతి ఉన్నదా స్వామీ?"

ఐలేశం తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "మాల ఏసిన చెయ్యి ఈడ సల్లబడ్డది. ఆ చెయ్యి పట్టుకొని నడిచిన చెయ్యి గిది. దీనికి లేని మడి ఇంకే చేతికున్నది స్వామీ?"

నర్సింగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మోకాలు అరిగిందంటివి గద బిడ్డా. మంచిగ ఆలోచించుకున్నవా?"

"ఆలోచిస్తే అవతలనే ఉంటుంటి మాతా."

ఆమె మాల తీసి గోడకున్న అయ్యప్ప పటానికి వేసింది. ఐలేశం లేచి నడుముకు తువ్వాల బిగించాడు. చూస్తుండగానే రోడ్డు దాటి ఇంకో ముగ్గురు వచ్చి నర్సింగమ్మ ముందు వరసగా మెడలు వంచారు. కృష్ణకాంత్ రాలేదు. అలాగని వాళ్లను ఆపనూ లేదు.

డప్పులు మొదలయ్యాయి. శవం మీద జెండా కప్పారు. పాడె కిందికి భుజం పెట్టబోతూ ఐలేశం ఆగాడు. మాల లేదు కనుక మాత అనే పిలుపూ పోయింది.

"పెద్దమ్మా, మాల పోయినందుకు నాకు ఫికర్ లేదు. ఒక్కటే రంది. కొండ మీద ఆయన చెట్టు పక్కపొంటి నాది పెట్టాలనుకున్న."

"ఏ చెట్టు బిడ్డా?" అంది నర్సింగమ్మ. "ఆయన పోయింది పదిహేడేండ్లే. పద్దెనిమిదో మాల మీదుండంగ ఊర్లె ఒకాయన సచ్చిపోయిండు. స్వాములంత రోడ్డు అవతల నిలబడ్డరు, గిట్లనే. గిదే వాకిట్ల నాతోని మాల తీపిచ్చుకొని పోయి మోసిండు. మళ్ల తాను ఏసుకోలే, మీకు ఏసుడే. అందరు మాలల ఉంటే మోసెటోడు ఒకడు ఉండొద్దానే అన్నడు."

"ఎవరికోసం పెద్దమ్మా?"

"ముందు ఎత్తు బిడ్డా. పొద్దు పోతాంది."

నలుగురూ ఎత్తారు. వైకుంఠరథం వచ్చింది కానీ, ఖాళీగా వెనకాల నడిచింది.

శబరిమల పోయేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, పద్దెనిమిదో మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు రామన్నపేట ఫౌజీ దశరథాన్ని ఒక్కసారి తలుచుకోండి. పోయినాయన కొడుకు భీవండి బట్టల మిల్లు నుంచి అంత్యక్రియలకు అందుకోలేకపోయాడని, ఆ ఏడు మాల తీసి ఆయన మోసింది ఐలేశం తండ్రిని.