ఎవరి సిస్టమ్ ఫాస్టు

డెస్క్‌టాప్ మూత విప్పగానే రెండు బొద్దింకలు బయటికి పరుగెత్తాయి. లోపల ఫ్యాను రెక్కలకు దుమ్ము అట్టకట్టింది. మన్సూర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న ల్యాప్‌టాప్ అంతకన్నా శుభ్రమేమీ కాదు. దాని కీల సందుల్లో గుట్కా పలుకులు.

ఈ రెండు ముసలి యంత్రాల కోసం అతన్ని నరసరావుపేట నుంచి కారంపూడికి పిలిపించారు. రిపేరుకు కాదు, తీర్పు చెప్పడానికి.

తండ్రి పోయి సంవత్సరీకం కూడా కాలేదు, కొడుకులు వేరు పడుతున్నారు. ఇంటికి అడ్డంగా గోడ కట్టుకున్నారు. పొలం పంచుకున్నారు. బస్టాండు దగ్గర తండ్రి నడిపిన నెట్ సెంటర్ని కుర్చీలతో సహా పంచుకున్నారు. పెద్దవాడు కోటిబాబుకు డెస్క్‌టాప్, చిన్నవాడు బ్రహ్మాజీకి ల్యాప్‌టాప్ వచ్చాయి. అక్కడే పంపకం ఆగిపోయింది. ఎవరికి మెరుగైనది వస్తే వాళ్ళు ఆ మేరకు తగ్గాలని పెద్దమనుషులు చెప్పి పోయారు. ఏది మెరుగో మన్సూర్ ఈ పూటే తేల్చాలి.

“ఎట్లా తగ్గాలో మేం మేం అనుకున్నాంలే భాయ్, దాంతో నీకు పనిలేదు,” అన్నాడు కోటిబాబు. “నాది ఐ ఫైవ్, వాడిది ఐ సెవెన్. ఐదు పెద్దదా, ఏడు పెద్దదా? నువ్వే చెప్పు.”

“నెంబరు చూస్తే సరిపోద్దా?” అన్నాడు బ్రహ్మాజీ. “అన్నయ్యదాంట్లో నాలుగు కోర్లున్నయ్. నాదాంట్లో రెండే. కాసేపు వాడితే పెనం మాదిరి కాలిపోద్ది. ఇంక అది నడిచేది లేదు, పాడేది లేదు.”

“నీదాన్ని చంకలో పెట్టుకుని ఏడకైనా పోవచ్చుగా. నాది కదిలిద్దా?”

“కదలకపోతే ఏంది? పని చానా జోరుగా చేసిద్దిగా.”

మన్సూర్‌కు ఒళ్ళు మండింది. పాత సామాన్లవాడు కూడా తూకానికి తప్ప తీసుకోని సరుకది. దాని కోసం ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు నడివాకిట్లో ఇలా కాట్లాడుకుంటున్నారు. విస్తట్లో తనకేం వడ్డించారో చూసుకోకుండా పక్కవాడి గారెల్ని లెక్కపెట్టే జాతి, అనుకున్నాడు.

“ఇద్దరూ కాసేపు నోళ్ళు మూసుకోండి,” అన్నాడు. “ఒకే వీడియోని రెండింట్లోనూ పెట్టి సైజు తగ్గిస్తా. ఏది ముందు ముగిస్తే అదే ఫాస్టు.”

రెండింట్లోనూ ఉన్న పెద్ద వీడియో ఒక్కటే, బ్రహ్మాజీ పెళ్ళిది. మన్సూర్ దాన్నే పెట్టాడు. తెర మీద తండ్రి కొత్త పంచె కట్టుకుని, నవ్వుతూ అక్షింతలు వేస్తున్నాడు. ఆయన మొహం వంక ఒక్కరూ చూడలేదు. అన్నదమ్ములిద్దరి కళ్ళూ పని ఎంతయిందో చూపిస్తూ కింద పాకుతున్న పచ్చగీత మీదే ఉన్నాయి. ఛీ, వీళ్ళేం మనుషులు అనిపించింది మన్సూర్‌కు.

చేతులకంటిన మురికి కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాడు. వెనకే వాళ్ళ తల్లి వెంకమ్మ చెంబుతో వచ్చింది. దారిలో పెద్దకోడలు కోటేశ్వరి చీపురుతో ఊడుస్తోంది. ముసలామె గోడకు ఒదిగి, ఆమె చీపురు తప్పుకునేదాకా ఆగి వచ్చింది.

నీళ్ళు పోస్తూ గొంతు తగ్గించింది.

“నాయనా, చిన్నోడిదే ఫాస్టని చెప్పయ్యా.”

“అదేందమ్మా? ఇంకా పరీక్ష అవలేదుగా.”

“ఏడు పెద్దదేగా నాయనా. నువ్వు చెబితే అందరూ నమ్ముతారు. నీకు పుణ్యం ఉంటది.”

ఎందుకని అడిగేలోపు కోటేశ్వరి అటు తిరిగింది. వెంకమ్మ చెంబు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అవతలి వాటా గుమ్మంలోంచి చిన్నకోడలు దుర్గ మజ్జిగ గ్లాసు అందిస్తే తీసుకుని, అక్కడే మెట్టు మీద కూర్చుంది.

మన్సూర్‌కు అసహ్యం నెత్తికెక్కింది. కొడుకులు సరే. కన్నతల్లి కూడా ఇంతేనా? పెద్దకొడుక్కి కలిసి రావాలని చిన్నకొడుకు నెత్తిన చెయ్యి పెడుతోంది. పైగా ఆ చిన్నవాడి ఇంటి మజ్జిగే తాగుతూ! ఇంత వయసొచ్చాక ఈ రెండు కళ్ళ బుద్ధి ఏమిటి? ఎవరేమనుకున్నా సరే, ఉన్నదున్నట్టే చెప్పాలని గట్టిగా అనుకున్నాడు.

అతను వాకిట్లోకి వచ్చేసరికి డెస్క్‌టాప్ పని ముగించి కూర్చుంది. ల్యాప్‌టాప్ సగం దారిలో ఫ్యాను రొద పెడుతూ ఆయాసపడుతోంది.

“చూశారుగా,” అన్నాడు మన్సూర్, వెంకమ్మకు కూడా వినపడేలా. “బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ని తగ్గించి చేస్తారు. ఈ పాత మోడల్‌కి ఐ సెవెన్ అని పేరే గొప్ప. డెస్క్‌టాప్ ఐ ఫైవ్ ముందు నిలవదు. కోటిబాబన్న సిస్టమే ఫాస్టు. ఎవరొచ్చి చూసినా ఇదే మాట చెబుతారు.”

బ్రహ్మాజీ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. దుర్గ తలుపు చాటుకు తప్పుకుంది. కోటిబాబు మాత్రం ఆ డబ్బా వంక, కాటేసిన పామును చూసినట్టు చూశాడు. కాస్త తగ్గాల్సి వచ్చినందుకే ఇంత ఏడుపు మొహమా అనుకుంటూ, మన్సూర్ స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని లేచాడు.

“ఏమే కోటేశ్వరీ, మంచి సిస్టమ్ మనకే వచ్చిందంట,” అని కోటిబాబు లోపలికి కేకేశాడు, “ఇంక అనుకున్నట్టే అమ్మని మనమే భరించాల.”