కదిలే నేల

“నడువే. గుమ్మం కాడ్నుంచి వంటింటిదాకా, ఈ బండల అతుకు మీద సక్కగా నడు. అందరం సూస్తాం.”

పరంజ్యోతమ్మ కట్టుకున్న తెల్లచీర మీద ద్రాక్షారసం మరకలు ఇంకా తడిగానే ఉన్నాయి. పొద్దున చర్చిలో ప్రభువు బల్ల దగ్గర కోడలు గ్లోరీ ఉన్నట్టుండి తూలి, కప్పులున్న పళ్లేన్ని అత్త మీదికి తోసేసింది. పాస్టరుగారు వంగి కప్పులు ఏరుకున్నారు. వెనక బెంచీల్లో ఆడవాళ్లు మాత్రం కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పరంజ్యోతమ్మ ఆ చీరతోనే సాలూరు ఫోను చేసి, గ్లోరీ అన్న స్టాన్లీని విజయనగరం పిలిపించింది. అతను బస్సు దిగి ఎండలో నడిచొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. చెల్లెల్ని తీసుకుపొమ్మంటే తీసుకుపోవాలి.

గ్లోరీ గోడ వదిలి అడుగేసింది. రెండో అడుగుకే బండ పడవలా ఒరిగింది. చెవిలో హోరు, ఎక్కడో దూరాన లారీ ఇంజను ఆపకుండా వదిలేసినట్టు. అతుకు ఎటు పోయిందో కనపడలేదు. మోకాళ్ల మీద కూలబడింది.

“సూసావా స్టాన్లీ, మీ సెల్లి నటన?”

“నటన కాదత్తా. నేల కదుల్తన్నాది.”

“మరి మాకు కదల్లేదేటి?”

గ్లోరీ భర్త వైపు చూసింది. బెన్హర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. “విశాఖపట్నం తీసుకెళ్లి తలకి స్కానింగు తీయించాను బావా,” అన్నాడు స్టాన్లీతో. “అందులో ఏటీ లేదు.”

“సెవి లోపలి జబ్బన్నారు కదండీ డాక్టరుగారు. పైకి కనపడదన్నారు.”

“ఉన్నది ఎందుకు కనపడదే?” అన్నాడు స్టాన్లీ.

ఆ మాట గ్లోరీ అత్త నోట చాలాసార్లు విన్నది. అన్న నోట వినడం ఇదే మొదలు.

“అన్నం తింటన్నావు. జొరం లేదు, దగ్గు లేదు. మొహం సూస్తే కళకళలాడతన్నాది. ఇంటికి తీసుకెళ్తే మీ వదినకి ఏటని సెప్పాల?” స్టాన్లీ గొంతు తగ్గించాడు. “ఒక్కసారి మనసు గట్టి సేసుకుని నడిసీయే. ఈ గొడవ ఇక్కడితో వదిలిపోతాది.”

గ్లోరీ మళ్లీ లేవబోయింది. గోడ కోసం చెయ్యి గాలిలో వెతికింది. గోడ అటు లేదు.

“సాల్లే,” అంది పరంజ్యోతమ్మ. ఇప్పుడామె గొంతులో కోపం లేదు. అంతకంటే చెడ్డదేదో ఉంది. “నటన కాకపోతే ఇంకోటి. దీన్లో ఏదో దూరింది. దేవుడి బల్ల కాడికి అదే దీన్ని రానివ్వలేదు. రండి, సేతులుంచండి.”

బెన్హర్ తటపటాయించాడు. తల్లి మొహం చూసి వచ్చాడు. స్టాన్లీ కూడా కుర్చీలోంచి లేచాడు. గ్లోరీ తల మీద మూడు చేతులు పడ్డాయి. ఆమె కళ్లు మూసుకుంది.

“ఎవరివైనా సరే!” పరంజ్యోతమ్మ అరుపు వీధిలోకి వినపడుతోంది. “యేసు నామంలో సెప్తన్నాను, ఈ పిల్లని వదిలి బయటికి రా! రా బయటికి!”

తల మీద చేతులు బరువెక్కాయి. తర్వాత వణికాయి. తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి.

కుర్చీ దబ్బున పడింది.

“ఓలమ్మో! బావా, నేల కదుల్తన్నాది!” స్టాన్లీ కేక.

“భూకంపం! బయటికి పదండి! అమ్మా, బయటికి!”

పోయిన నెల నేపాలులో భూకంపం వచ్చినప్పుడు ఇక్కడా ఇళ్లు ఊగాయి. వీధంతా ఆ రోజు రోడ్డు మీదే ఉంది. బెన్హర్ గుమ్మం పట్టుకోబోయి గోడని గుద్దుకున్నాడు. పరంజ్యోతమ్మ బండల మీద పాక్కుంటూ వెళ్లింది.

గ్లోరీ కళ్లు తెరిచేసరికి గదిలో ఎవరూ లేరు. ఆమెకి భయం వెయ్యలేదు. నేల కదలడం ఆమెకి కొత్త కాదు. వాళ్ల అరుపులు విని జాలేసింది. వంటింట్లోకి వెళ్లి, బిందెలోంచి చెంబు నిండా నీళ్లు ముంచుకుని బయటికొచ్చింది.

బెన్హర్ కరెంటు స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. స్టాన్లీ కాలవ పక్కన వాంతి చేసుకుంటున్నాడు. పరంజ్యోతమ్మ నడివీధిలో బోర్లా పడుకుని, జారిపోతానేమో అన్నట్టు అరచేతులతో నేలని పట్టుకుంది.

ఎదుటి కొట్టు నడిపే కన్యాకుమారి, డబ్బాలోంచి సన్నమూతి సీసాలోకి నూనె పోస్తోంది. ధార తీగలా నిటారుగా దిగుతోంది.

“ఏటయింది గ్లోరీ మీవాళ్లకి?” అంది ఆమె డబ్బా దింపకుండానే. “ఎందుకలా పడిపోతన్నారు?”

“భూకంపం కదొదినా.”

“భూకంపమేటి? ఎక్కడ?”

గ్లోరీ వీధి చివరిదాకా చూసింది. ఒక్క ఇంటి ముందు కూడా మనిషి లేడు. ఎవరి ఇంట్లోనో టీవీ మోగుతోంది. చేతిలో చెంబు అంచుదాకా నిండుగా ఉంది.

ఆమె నెమ్మదిగా వెళ్లి అత్త పక్కన కూర్చుంది. పరంజ్యోతమ్మ తడుముకుని కోడలి చెయ్యి దొరకపుచ్చుకుంది. కళ్లు తెరవలేదు.

“నన్నొదలకే. కళ్లు తెరిస్తే ఇంకా ఎక్కువైపోతన్నాది. ఇది ఎప్పటికి ఆగుతాదే, గ్లోరీ?”

గ్లోరీ ఆవిడ తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

“తెలీదత్తా. నాకు మూడేళ్లకి ఇప్పుడే ఆగింది.”