మూత పడింది

అర్ధరాత్రి చాట్ గ్రూపుకి లాగ్ అమర్చాడు బావగారు. గ్రూపులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఎవరు ఎవర్ని మ్యూట్ చేశారో ఇక ఆ లాగ్‌లో పడుతుంది. మ్యూట్‌కి "మూత" అని తెలుగు పేరు కూడా ఆయనే పెట్టాడు.

"ఎవరి లాగు ఎవరు లాగారో తేలిపోతుందిక!"

"ముందు మీ లాగు చూసుకోండి!" వంటింట్లోంచి నవ్వింది భార్య. "ఏమండీ, పాలు..."

మాట తెగింది. గిన్నె మీద మూత పడిన చప్పుడు.

తెరపై వరుస వెలిగింది: "మూత పడింది మీ ఆవిడకి. పెట్టినవారు బావగారు."

ఆవిడ గ్రూపులోనే లేదు. ఆయనేమీ నొక్కలేదు.

"ఏమోయ్?"

పాలు పొంగి చుయ్యిమన్నాయి.

"మూత తీయి" నొక్కాడు. లోపల మూత లేచింది.

"చెప్పండి, బావగారూ," అంది భార్య గొంతు.

పెళ్లయిన నాటినుంచీ ఆవిడ నోట "ఏమండీ" తప్ప మరో పిలుపు లేదు.