తలుపు లోపలి వార్నిష్

ఎల్లారెడ్డిలో పాత కార్లకు మళ్లీ ప్రాణం పోయడంలో ఘనీని మించినవాడు లేడు. ఆ మాట అందరికన్నా ఎక్కువగా చెప్పుకునేదీ ఘనీయే. ఆ రాత్రి ముప్పై ఏళ్ల నాటి ఫియట్‌కు చివరి తలుపు మిగిలింది. లోపలి చెక్క అట్టకు చెమ్మ పట్టకుండా రెండు పూతలు వార్నిష్ వేసి, ఆరాక బిగించాడు.

"వాన నీళ్లకు అట్ట ఉబ్బదు గద, ఘనీ భాయ్?" అన్నాడు కారు తీసుకుపోవడానికి కామారెడ్డి నుంచి వచ్చిన డ్రైవర్ గంగారాం.

"ఉబ్బితే ఈ పనే ఇడిసిపెడ్త."

గంగారాం నవ్వి, షెడ్డులోనే చాప పరుచుకుని నిద్రపోయాడు.

ఘనీ దీపం ఆర్పబోతుంటే చప్పుడు వినిపించింది. సర్... సర్... తలుపుకు చెవి ఆనించాడు. బిగించిన అట్ట వెనక ఎవరో కుంచెతో పూస్తున్నారు, తొందర లేకుండా, చేయి తిరిగిన పనివాడిలా.

ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే కోపమొచ్చింది.

"నా పనిల ఏం తక్కువైంది?"

కుంచె ఆగింది. అట్ట అడుగు అంచున, లోపలి నుంచి, వేలితో ఒక్కసారి కొట్టిన చప్పుడు.

ఘనీకి అప్పుడు తట్టింది. రెండు వైపులా పూశాడు గాని, నీళ్లు ముందు చేరే ఆ అంచు మరిచిపోయాడు. తెల్లారితే కారు వెళ్లిపోతుంది.

స్క్రూడ్రైవర్ అందుకుని మొదటి స్క్రూ విప్పాడు.

"జరుగు," అన్నాడు. "అది నేనే పూస్త."

లోపల ఎవరో పక్కకు జరిగారు.