పాఠంలో ఉన్న ప్రశ్నే

“ఆ అమ్మాయి పేరు భద్రతా కమిటీకి పంపేద్దాం మేడమ్. మనిషి ఉగ్రవాదిగా ఎందుకు మారతాడని క్లాసులో అడిగిందట!” టీలో బిస్కెట్ ముంచుతూ అన్నాడు డీన్.

లెక్చరర్‌కు ఒళ్లు మండింది. “ఆ పాఠం పేరే అది సార్. సిలబస్‌లో పెట్టించింది మీరే.”

“పాఠం మీరు చెప్పాలి, వాళ్లు వినాలి. మధ్యలో ఈ అడగడమేమిటి?”

“బస్టాండు పేలుడులో వాళ్లన్నయ్య పోయాడు సార్! ఆ పిల్ల అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?”

డీన్ చెయ్యి ఆగిపోయింది. బిస్కెట్ విరిగి కప్పులో పడింది. హమ్మయ్య, మనసు కరిగిందనుకుందామె.

“అయ్యయ్యో, ఈ ముక్క ముందే చెప్పొద్దూ! అయితే లోపల కసి కూడా ఉంటుందన్నమాట.” నానిన బిస్కెట్‌ను చెంచాతో తీసి నోట్లో వేసుకున్నాడు. “మంచి సమాచారం ఇచ్చారు మేడమ్. రిపోర్టు మీ పేరుతోనే పంపిస్తాను.”

తన నోటితో తనే ఆ పిల్లను పట్టిచ్చానని ఆమెకు అప్పుడు తెలిసింది.