ఒక్క దెబ్బతో

"ఐటీ మేనేజరుకి ముఖ్యంగా ఏం ఉండాలంటారు?" అని అడుగుతూ డైరెక్టరు కాలు ఊపాడు. ఆయన ముందున్న మానిటరు టప్పున ఆరిపోయింది.

ఇంటర్వ్యూకి వచ్చిన ఆమెకు బల్ల కింద, ఆయన బూటు పక్కన, ఊడిన ప్లగ్గు కనిపించింది. నవ్వు ఆపుకుంది.

"దీని తిక్క నాకు తెలుసు" అంటూ ఆయన మానిటరు నెత్తిన ఒక్కటిచ్చాడు.

ఆమె పెన్ను జారవిడిచి, వంగి, ప్లగ్గు పెట్టేసి లేచింది. రెండో దెబ్బకి తెర వెలిగింది.

"చూశారా! ఇది మీ చదువుల్లో చెప్పరు."

"చెప్పలేదు సార్. మీ దగ్గరే నేర్చుకోవాలి."

పక్కన కూర్చుని అంతా చూసిన హెచ్ఆర్ మేడమ్ మిగతా ప్రశ్నలు కొట్టేసింది. "సోమవారం వచ్చేయండి" అంది.

గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"పాత మేనేజరూ తెలివైనవాడేనమ్మా. కాకపోతే ప్రతిసారీ, 'మీ కాలే తగిలింది సార్' అనేవాడు."